పదికి నాలుగు

హరికి పదికి తొమ్మిది వచ్చిన రోజు లక్ష్మీనారాయణ తాత మా సెంటర్‌కు కిలో జిలేబీ పట్టుకొచ్చాడు.

తాత ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆరేళ్ల మనవడిని స్కూటర్ ముందు నిలబెట్టుకుని, దుమ్ము పడకుండా నల్లద్దాలు పెట్టుకుని, రోజూ పదింటికి ఠంచనుగా దిగేవాడు. పిల్లవాడు నా దగ్గర కూర్చున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని, ఏ కాగితం ముక్క దొరికినా పొడుగ్గా మడిచి వేళ్ల సందున పెట్టుకునేవాడు. బస్సులు వదిలి నాలుగేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

"నోరు తీపి చేస్కో బిడ్డా. మావోడు పదికి తొమ్మిది కొట్టిండు!"

నేను చేతులు వెనక్కు పెట్టుకున్నాను.

"వద్దు తాతా. మేం తీసుకోవద్దు."

"ఏం, షుగరున్నదా?"

"లేదు తాతా. పుస్తకంల రాసి ఉన్నది. పిల్లల ఇంటోళ్ల దగ్గర ఏం తీసుకోవద్దని."

"జిలేబి తినొద్దని రాసిన పుస్తకమా? ఎవడు రాసిండు గది?"

నా వెనక నుంచి స్వప్న చెయ్యి చాపి ఒక జిలేబీ తీసుకుంది. "యమున పరీక్షకు చదువుతాంది తాతా, ఆమెకు అన్నీ యాదికుంటయి. నేను పోయినేడే పాసైన. ఇగ మర్చిపోయినా అడిగేటోడు లేడు," అని కొరికింది.

ఎస్తేరు మేడం గదిలోంచి వచ్చి పొట్లం అందుకుని, బయట కూర్చున్న తల్లులందరికీ పంచిపెట్టింది. మాకు మాత్రం ఇవ్వలేదు. స్వప్న చేతిలో మిగిలిన సగాన్ని చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయింది.

హనుమకొండలో ఒక ఇంటి మేడమీద మూడు గదులు, ఒక వరండా. అదే మా సెంటర్. మాటలు రాని పిల్లలు, పిలిస్తే పలకని పిల్లలు, మనిషి ముఖంకేసి చూడని పిల్లలు వస్తారు. ఒక్కొక్కరి దగ్గర మాలో ఒకరం కూర్చుని, నీళ్లు అడగడం, చెప్పులు వేసుకోవడం, వస్తువును గుర్తుపట్టడం లాంటి చిన్న చిన్న పనులు నేర్పుతాం. చేసిన ప్రతిసారీ కాగితం మీద గుర్తు పెడతాం. ఈ పని చేసేవాళ్లను టెక్నీషియన్లు అంటారు. అప్పటికి ఏడాదిగా నేను ఆ పని చేస్తున్నాను గానీ, ఆ పేరు నాకు లేదు. దానికి సర్టిఫికేట్ కావాలి.

జూన్ నుంచి సర్టిఫికేట్ లేనివాళ్లను పిల్లల దగ్గర కూర్చోనివ్వనని మేడం ఫిబ్రవరిలోనే చెప్పేసింది. నలభై గంటల పాఠాలు నేను అప్పటికే వీడియోల్లో పూర్తిచేశాను. మిగిలినవి రెండు. ఒకటి, నేను ఒక పిల్లవాడికి నేర్పుతుంటే మేడం దగ్గర కూర్చుని చూసి, పని వచ్చిందని సంతకం పెట్టడం. రెండోది కంప్యూటర్ మీద పరీక్ష. మే నెలాఖరుకు తారీఖు ఖాయం చేసుకున్నాం. సంతకం లేనిదే పరీక్ష లేదు. పరీక్ష పాసుకాకపోతే నాకు మిగిలేది బొమ్మలు తుడిచే పని, లేదంటే మా అమ్మ వెంట మిరపచేను.

మా ఊరు వర్ధన్నపేట దగ్గర. నేను చదివిందంతా తెలుగులోనే. పరీక్ష మాత్రం ఇంగ్లిషులో. పొద్దున బస్సెక్కి, ఆడవాళ్లకు ఛార్జీ లేదని కండక్టరు చేతిలో పెట్టిన జీరో టికెట్‌నే పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని, మామునూరు దాకా నిలబడి, అక్కడ సీటు దొరికాక చదివేదాన్ని. ఒక నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు నాకు అర్థమైన మాట రాసుకున్నాను. ప్రాంప్ట్ అంటే ఆసరా. ఫేడింగ్ అంటే ఆసరాను కొంచెం కొంచెంగా తీసేయడం. రీఇన్‌ఫోర్స్‌మెంట్‌కు చాలా రోజులు మాట దొరకలేదు. చివరికి 'మళ్లీ చెయ్యబుద్ధయ్యేది' అని రాసుకున్నాను. స్వప్న అది చదివి, "గిది పరీక్షల రాస్తె మార్కులు కాదు, పెండ్లిపిలుపు వస్తది," అని పడీపడీ నవ్వింది. స్వప్న ఇంగ్లిషు మీడియం. నన్ను వెక్కిరిస్తూనే రోజూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పది ప్రశ్నలు అడిగి పలికించేది.

మేడం సంతకానికి నేను హరి పేరు ఇచ్చాను. వాడి కాగితాలు చూస్తే ఎవరైనా వాడి పేరే ఇస్తారు. హరి మాట్లాడడు. ఎవరి ముఖంకేసీ చూడడు. బల్ల మీద మూడు బొమ్మకార్డులు పెట్టి "కప్" అంటే కప్పు బొమ్మ తీసి ఇవ్వాలి. అదీ వాడికి నేర్పే పని. మాఘమాసంలో మొదలుపెట్టినప్పుడు పదికి రెండు, మూడు. ఆరు వారాల్లో తొమ్మిది. ఇరవై కార్డులు వచ్చేశాయి. గ్రాఫు గీస్తే గోడకు నిచ్చెన వేసినట్టు పైకి పోయింది.

ఒక్క రోజే కిందికి పడింది. ఆ రోజు నేను జ్వరమొచ్చి రాలేదు. స్వప్న కూర్చుంది. పదికి మూడే వచ్చాయి. "నాతోని మొండి చేసిండే. నీకు అలవాటు పడ్డడు," అంది స్వప్న. మేమందరం అదే నిజమనుకున్నాం.

హరి అమ్మా నాన్నా ఇద్దరూ బట్టల దుకాణంలో పనిచేసేవాళ్లు. పిల్లవాడి బాధ్యతంతా తాతదే. ఊళ్లో ఒక బడివాళ్లు, పిల్లవాడు బొమ్మలు గుర్తుపడితే జూన్‌లో చేర్చుకుంటామని మాట ఇచ్చారు. మార్చి చివరి శుక్రవారం రమ్మన్నారు. ఆ వారమే బుధవారం నాడు నా పని చూస్తానని మేడం చెప్పింది.

"బుధవారం నీది, శుక్రవారం మాది," అన్నాడు తాత. "ఇద్దరం ఒకటే బస్సు ఎక్కుతానం బిడ్డా. దిగేటప్పుడు చెప్త."

*

ఆ ముందు ఆదివారం సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే అమ్మ చేను నుంచి వచ్చింది. మిరప రెండో ఏరుడు నడుస్తోంది. అమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుని, వేళ్ల మంటకు మంచినూనె రాసుకుంటూ అరుగు మీద కూర్చుంది. నేను చాప పరిచి కార్డులు తీశాను. హరికి నేర్పబోయే కొత్త కార్డులు. బుధవారం మేడం ముందు తడబడకుండా, కార్డులు పరచడం, కలపడం, గుర్తు పెట్టడం చేతికి అలవాటు చేసుకోవాలని.

"అమ్మా, జర నా ముందట కూసో. నువ్వు హరివి."

"గా పిలగాడా? మరి నాకు చాక్లెట్ ఇస్తవా?"

"సరిగ్గ తీస్తె ఇస్త."

మూడు కార్డులు పెట్టి "ల్యాడర్" అన్నాను. అమ్మ నిచ్చెన బొమ్మ తీసి ఇచ్చింది. దాని మీద నూనె మరక పడింది. కార్డులు కలిపి "పిల్లో" అన్నాను. దిండు ఇచ్చింది. "క్యాండిల్" అంటే కొవ్వొత్తి. "ఎన్వలప్" అంటే ఉత్తరం కవరు. నేను గుర్తులు పెడుతూ పోయాను. పదికి పది.

కాగితం మీది పది గుర్తులూ చూసి నా చెయ్యి ఆగింది. మా అమ్మ సంతకం నేర్చుకున్నది మొన్న మొన్న. ఇంగ్లిషులో బస్సు, ఫోను, టీవీ తప్ప నాలుగో మాట తెలియదు.

"అమ్మా, ల్యాడర్ అంటె ఏంది?"

"నాకేం ఎర్క?"

"మరెట్ల తీసినవ్?"

"నువ్వు చూసినదాన్ని ఇచ్చిన." అమ్మ నాకేసి వింతగా చూసింది. "పేరు చెప్పంగనే నీ కండ్లు పోయి దాని మీద కూసుంటానయి గదనే."

నేను నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుని మళ్లీ అడిగాను. "పిల్లో."

"గట్ల మొఖం దాసుకుంటె నాకెట్ల తెలుస్తది?" అంటూ అమ్మ కొవ్వొత్తి ఇచ్చింది.

మిరప ఏరేటప్పుడు ఘాటుకు మూతీ ముక్కూ కలిపి గుడ్డ కట్టుకుంటారు. నోరు తెరిస్తే దగ్గు. ఈ సాలు అయిపోయింది ఆ సాలుకు పో, సంచి నిండింది, మేస్త్రీ వస్తున్నాడు, నీళ్లు ఇటు పంపు, అన్నీ కళ్లతోనే చెప్పుకుంటారు. బడి లేని రోజుల్లో నేనూ అమ్మ పక్కన ఏరినదాన్నే. అసలే తక్కువ మాట్లాడే పిల్లను. అమ్మ కళ్లు ఎటు పోతే నా చేతులు అటు పోయేవి. మాకు అది మాట్లాడుకోవడమే. ఎప్పుడు నేర్చుకున్నామో కూడా గుర్తులేదు.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అంది అమ్మ. "పదికి పదొచ్చినయి గద, చాక్లెట్ ఏది?"

*

సోమవారం హరి ముందు నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. చేతులతో కార్డులు పరిచాను. ఎక్కడ ఏ కార్డు పెట్టానో నాకే తెలియకుండా బోర్లా కలిపి తిప్పాను. "కప్," అన్నాను క్యాలెండర్‌తో.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత నా చేతిలో ఒక కార్డు పడింది. చెప్పు బొమ్మ.

పదికి రెండు. రెండోసారి పది అడిగాను. మళ్లీ రెండే. మూడు కార్డుల్లోంచి కళ్లు మూసుకుని తీసినా అంతకంటే ఎక్కువే వస్తాయి.

మూడోసారి "స్పూన్" అన్నప్పుడు హరి కార్డుల వైపు చెయ్యి చాపలేదు. కుర్చీలోంచి లేచి, బల్ల మీదికి వంగి, నా గడ్డం కింద చెయ్యి పెట్టి నా ముఖాన్ని క్యాలెండర్ మీది నుంచి కిందికి తిప్పాడు. వాడి వేళ్లు చల్లగా, బిస్కెట్టు పొడితో గరగరగా ఉన్నాయి. నా కళ్లలోకి చూశాడు. నేను చప్పున రెప్పలు మూసేశాను.

ఆరు వారాలూ వాడు అలా చూస్తూనే ఉన్నాడన్నమాట. నేను కార్డు వైపు చూసేటప్పుడు వాడు నన్ను చూసేవాడు. అందుకే వాడి చూపు నాకు ఒక్కసారీ కనబడలేదు. తలుపు అద్దంలోంచి చూసే మేడానికి బల్ల, చేతులు, కార్డులు కనిపించేవి. అందరం వాడి చేతుల వైపే చూశాం.

మధ్యాహ్నం స్వప్నకు చెప్పాను. తినే ముద్ద పక్కన పెట్టేసింది.

"ఎల్లుండే నీ సంతకం."

"అవును."

"గురువారం చెప్పు. పిల్లగానికి ఏం నష్టం లేదు గదా, రెండ్రోజులు. సంతకమైనంక చెప్పు, మల్ల మొదటిసంది నేర్పుదాం. నేను కూడ కూసుంట."

నేను నా డబ్బా మూత పెట్టేశాను.

"యమునా, నేను చెప్పేది అబద్ధమాడుమని కాదే. జర ఆగుమని."

అది తప్పుడు సలహా అని నాకు అనిపించలేదు. మధ్యాహ్నమంతా అదే సరైనదనిపించింది కూడా. పరీక్ష పుస్తకంలో ఇలాంటి ప్రశ్నలు నాలుగు జవాబులతో ఉంటాయి. ఏది సరైనదో చదవగానే తెలిసిపోతుంది. నేను ఎన్నడూ తప్పు పెట్టలేదు. కానీ ఆ ప్రశ్నల్లో స్వప్న ఉండదు. అరుగు మీద నూనె రాసుకునే అమ్మ ఉండదు. సాయంత్రం నాలుగింటికి, గ్రాఫు తీసుకుపోదామని హరితో మళ్లీ వచ్చిన తాత వరండాలో ఎవరికో ఫోనులో చెబుతున్నాడు: "శుక్రారం బడికి పోతానం. ఆఁ, గ్రాఫు చూపెడ్తం. తొమ్మిది! పదికి తొమ్మిది!"

శుక్రవారం ఆ బడిలో బల్ల ముందు కూర్చోబోయేది హరి. వాడి ముందు నా ముఖం ఉండదు.

నేను వెళ్లి మేడం గది తలుపు కొట్టాను.

ఎస్తేరు మేడం అంతా విని, ఆరు వారాల కాగితాలు ముందు వేసుకుని ఒక్కొక్కటే తిప్పింది. కోప్పడుతుందనుకున్నాను. "నేను కూడా చూశాను కదమ్మా. నాకూ కనిపించలేదు," అంది. తరువాత కాగితాలన్నింటి మీదా ఎర్రపెన్నుతో అడ్డగీతలు గీసింది. "బుధవారం ఉండదు. ఆ మే తారీఖు కూడా పోతుంది. నీకు తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"పెద్దాయనకు నేను చెప్తాను."

"నేను చెప్త మేడం. రాసింది నేను."

*

తాత మొదట నవ్వాడు. నేను పరాచికమాడుతున్నాననుకున్నాడు.

"అంటె మావోనికి ఏం రాదా?"

"రాదని కాదు తాతా. కార్డు చూసి ఇస్తలేడు. నన్ను చూసి ఇస్తాండు."

"తొమ్మిదని నువ్వే రాస్తివి గద."

"రాసిన."

వేళ్ల మధ్య మడిచిన కాగితాన్ని ఆయన విప్పాడు. మళ్లీ మడిచాడు.

"ముప్పై ఏండ్లు బస్సుల చేసిన. ఒక్కన్ని టికెట్ లేకుంట దిగనియ్యలె. చెకింగోళ్లు ఎన్నిసార్లు ఎక్కినా నా బండిల ఒక్క తప్పు దొరకలె. నువ్వు ఆరు వారాలు..." మేడం కుర్చీ జరిపి కూర్చోమంది. కూర్చోలేదు. "వాళ్ల నాయనకు ఏం చెప్పాలె నేను? చుట్టాలందరికి చెప్పిన. బడోళ్లకు చెప్పిన."

"తప్పు నాదే తాతా."

"నీదే!" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. హరి చెవులు మూసుకున్నాడు. తాత వాడిని ఎత్తుకుని మెట్లు దిగాడు. రోజూ ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టిస్తూ దింపే మనిషి ఆ రోజు లెక్క పెట్టించలేదు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

మే పరీక్ష తారీఖును రద్దుచేసిన సందేశం నా ఫోనుకు వచ్చింది. అమ్మకు చదివి చెప్పాను. అమ్మ అరుగు మీద మిరపకాయలు తొడిమెలు తీస్తోంది.

"నేను ఆ మాట అనకపోతె అయిపోవు," అంది తలెత్తకుండా. "చూసినది ఇచ్చిన అని. నా నోరు మంచిది కాదు."

"నీదేమున్నదమ్మా."

"మల్ల ఎప్పుడు రాస్తవ్?"

"ఆగస్టుల. గదీ మేడం సంతకం పెడితె."

"పెడ్తది. మిర్పచేను ఒక్క ఏరుడుతోని వట్టిపోతదా? మొదటి ఏరుడు బాగుండకుంటె రెండోది, మూడోది. చెట్టు ఉన్నంతసేపు కాయ వస్తనే ఉంటది." తొడిమెలు చేటలోంచి కింద పోసింది. "రేపు సెలవేనా? చేనుకు రా మరి. ఇద్దరు మనుషులు తక్కువున్నరు."

వెళ్లాను. మూతికి గుడ్డ కట్టుకుని అమ్మ పక్క సాలులో ఏరాను. మధ్యాహ్నానికి అమ్మ నీళ్ల బిందె వైపు చూసింది. నేను లేచి తెచ్చి ఇచ్చాను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. గుడ్డల కింద నవ్వి, ఘాటుకు చాలాసేపు దగ్గాం.

*

పదకొండో రోజు పదింటికి మెట్ల మీద చప్పుడైంది. తాత హరిని దింపి నా ముందు నిలబడ్డాడు. స్కూటర్ మీది నల్లద్దాలు ముఖానికి లేవు. చేతిలో ఉన్నాయి. ఒక కాడ విరిగిపోయి ఉంది.

"బడికి పోలె," అన్నాడు. "మల్ల వస్తమని చెప్పిన."

నేను తల ఊపాను.

"నువ్వు చెప్పింది అబద్ధమని చూపెడ్దమని, ఇంట్ల నేనే పెట్టిన పరీక్ష. గిలాస, చెంబు, పల్లెం. ఈ అద్దాలు పెట్టుకున్న, నా కండ్లు కనపడొద్దని. గిలాస ఇయ్యరా అన్న. ఇయ్యలె. మల్ల అన్న. దగ్గరికొచ్చిండు. వచ్చి..." విరిగిన కాడను చూపించాడు. "గుంజి అవతల పారేసిండు. నా మొఖంల మొఖం పెట్టి చూసిండు బిడ్డా."

అద్దాలను అటూ ఇటూ తిప్పాడు.

"పుట్టినకాడి నుంచి వాడు నా మొఖం చూడలె. వాళ్లమ్మది చూడలె. నేను గిలాస ముచ్చట్నే మర్చిపోయిన."

స్వప్న వెనక నుంచి, "మరి జిలేబి తెచ్చినవా తాతా?" అంది.

"తెచ్చిన. నీకు ఇయ్య. యమునకు అసలే ఇయ్య. మేడానికిస్త," అని ఆయన బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇరవై కార్డులు తీసేసి మూడింటితో. ఈసారి నేను హరి ముందు కాదు, వెనక పీట వేసుకుని కూర్చున్నాను. మొదట్లో వాడు ప్రతి మాటకూ వెనక్కు తిరిగేవాడు. నేను కళ్లు మూసుకునేదాన్ని. వాడి మోచేతి కింద వేలు పెట్టి సరైన కార్డు దాకా నడిపించి, రోజురోజుకూ ఆ వేలిని కొంచెం వెనక్కు తీసుకునేదాన్ని. ఆసరాను కొంచెం కొంచెంగా తీసేయడం అని నోటుబుక్కులో రాసుకున్నది అంత కష్టమైన పని అని అప్పుడు తెలిసింది. వేలు తీసేయగానే వాడి చెయ్యి గాల్లో ఆగిపోయేది. ఆ ఆగిన చేతిని ముట్టుకోకుండా కూర్చోవాలి. ఏప్రిల్‌లో ఒకటి, సున్నా, రెండు, ఒకటి. కరెంటు పోతే మేడం కిటికీలకు తడిగుడ్డలు కట్టించేది. మే నెలలో మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్లు తగ్గి, మా బస్సు తొందరగా వచ్చేది. రెండు, మూడు, రెండు. పరీక్ష రాయాల్సిన ఆ పాత తారీఖు వచ్చింది, పోయింది. ఆ రోజు మూడు.

ఇప్పుడు ఆ ఎండాకాలం తలచుకుంటే ఆ వేడి అంతగా గుర్తురాదు. వాడి తల వెనక సుడి గుర్తొస్తుంది. రెండు నెలలు నేను చూసింది అదే. తడిగుడ్డల వాసన, బయట బెంచీ మీద తాత దగ్గు, ఎంత వచ్చిందో అడగకుండా ఆయన పట్టుకున్న పంతం.

జూన్ నియమానికి మేడం నాకు ఆగస్టు పరీక్ష దాకా గడువు ఇచ్చింది. జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఎస్తేరు మేడం కుర్చీ తెచ్చుకుని మా గదిలోనే కూర్చుంది. ఈసారి నా ముఖం కూడా కనపడేట్టు. రాత్రి మొదటి వాన పడింది. కిటికీలోంచి తడిమట్టి వాసన వస్తోంది.

"మొదలుపెట్టు," అంది.

"కప్."

హరి చెయ్యి గాల్లో ఆగింది. వెనక్కు తిరగలేదు. కప్పు తీసి భుజం మీదుగా వెనక్కు ఇచ్చాడు. గుర్తు పెట్టాను. "స్పూన్" అంటే చెప్పు ఇచ్చాడు. అదీ రాశాను. మళ్లీ "కప్" అంటే కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. రాశాను. ఒకసారి సరిగ్గానే తీసి, ఇవ్వబోతూ మార్చి ఇంకొకటి ఇచ్చాడు. ఇచ్చిందే రాశాను. పది అయ్యేసరికి కాగితం మీద నాలుగు.

మేడం తన కాగితాన్ని నా కాగితం పక్కన పెట్టి ఒక్కొక్క గుర్తూ పోల్చింది. పదికి పదీ కలిశాయి. పెన్ను తీసింది.

"నాలుగే గద మేడం," అన్నాను.

"నాలుగూ వాడివే కదా," అని సంతకం పెట్టింది.

పరీక్ష ఆగస్టులో రాశాను, పాసయ్యాను. సర్టిఫికేట్ చూసి అమ్మ, ఇందులో నీ పేరు ఎక్కడుందని అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. హరి ఆ ఏడు బడికి పోలేదు. పై ఏడు పోయాడు, వేరే బడికి. తాతే స్కూటర్ మీద దింపి, గంట కొట్టేదాకా గేటు బయట నిలబడేవాడు.

సంతకం పెట్టిన ఆ ఉదయం మాత్రం ఇంకా అవేవీ మాకు తెలియవు. నేను కార్డులన్నీ డబ్బాలో పెట్టి మూత వేశాను. మూత చప్పుడు వింటే పని అయిపోయిందని హరికి తెలుసు. రోజూ లేచి ఒక్క పరుగున తాత దగ్గరికి పోయేవాడు. ఆ రోజూ లేచాడు. తలుపు దాకా పోయాడు. అక్కడ ఆగాడు.

"రారా హరీ, బండి కదుల్తాంది!" తాత బయటి నుంచి పిలిచాడు.

హరి వెనక్కు తిరిగి నాకేసి చూశాడు. బల్ల మీద కార్డులు లేవు. నేను ఏ పేరూ చెప్పలేదు. నా కళ్లలో వాడు వెతుక్కోవాల్సిన జవాబు కూడా ఏదీ లేదు. అయినా చూస్తూ నిలబడ్డాడు.

వాడు చూసినంతసేపూ నేను కళ్లు మూసుకోలేదు.